విప్పిన కుట్టు

బ్లేడు మొనను కుట్టు కిందికి పోనిచ్చి టైలర్ మెల్లగా లాగాడు. దారం తెగింది. ఊదా గుడ్డ ఒకవైపు, తెల్లగుడ్డ ఒకవైపు జారాయి. పొద్దుటి నుంచీ ఇదే పని. ఎన్నికలప్పుడు రెండు పార్టీల రంగులూ కలిపి ఈ జెండాలు కుట్టిందీ ఈ చేతులే. నిన్న ఊదా పార్టీ ప్రభుత్వం నుంచి బయటికొచ్చేసింది. దుకాణాల మీద పడి వసూళ్లు చేస్తూ, ఇవ్వనివాళ్ల కాళ్లూ చేతులూ విరగ్గొట్టే ముఠాకి ప్రభుత్వ పెద్దలే కొమ్ముకాస్తున్నారని తెగతెంపులు చేసుకుంది. సాయంత్రం సభకి ఊదా జెండాలు విడిగా కావాలి.

కుట్టయితే విప్పుతున్నాడు గానీ సూది పడిన చోటల్లా చిల్లులు మిగిలిపోతున్నాయి. ఇస్త్రీపెట్టెతో ఎంత అదిమినా పూడటం లేదు.

పార్టీ కార్యకర్త గుమ్మంలోంచే కేకేశాడు. "అయ్యాయా బాబాయ్? ఇన్నాళ్లకి మనవాళ్లు తలెత్తుకునే పని చేశారు. ఇక ఆ ముఠాలో ఒక్కణ్ణి కూడా వదలకూడదు!" అని, వెంటనే నాలిక్కరుచుకున్నాడు. "మీవాణ్ణి కాదు బాబాయ్..."

"తెలుసులే. ఆ కట్ట పట్టుకెళ్లు. మిగతావి తర్వాత."

టైలర్ కొడుకు ముఠాలో తిరుగుతున్నాడని వీధి వీధంతా ఎరుగును. కుదురుగా మిషను ముందు కూర్చోలేని పిల్లాడు. వాళ్లు బండి చేతికిచ్చారు, అంతే, పోయాడు. వాడు చేసేదల్లా డబ్బు అందుకురావడమేనని తల్లి వెనకేసుకొస్తుంది. దారాలమ్మే ముసలాయన చెయ్యి విరిగిన రోజు సందు చివర బండి ఇంజను ఆపకుండా కాచుకుని ఉన్నది వాడే. ఆ సంగతి టైలర్ ఇంట్లో చెప్పలేదు. అప్పట్నుంచి దారం కోసం పొరుగుపేట దాకా నడిచిపోతున్నాడు.

ఒకసారి ఊదా పార్టీ అధ్యక్షుడికి కొలతలు తీసుకుంటూ, గుండె చిక్కబట్టుకుని అడిగాడు. "మావాణ్ణి ఎలాగైనా బయటపడెయ్యండి సార్."

"చూద్దాం. ఇప్పుడు మనం ప్రభుత్వంలో ఉన్నాం కదా, కదిపితే అందరికీ ఇబ్బంది," అన్నాడాయన, చేతులు బారజాపి నిలబడి.

మధ్యాహ్నం ఎండ వీధిని ఖాళీ చేశాక కొడుకు వచ్చాడు. బండి లేదు. గడ్డం మాసి ఉంది.

"తినడానికేమైనా ఉందా నాన్నా?"

టైలర్ క్యారియర్ ముందుకి తోశాడు. వాడొస్తాడన్న ఆశతో తల్లి రోజూ ఇద్దరికి సరిపడా పెడుతుంది. వాడు తలెత్తకుండా తిన్నాడు. చొక్కాకి గుండె దగ్గర గుండీ లేదు. టైలర్ సూదిలో దారం ఎక్కించి దగ్గరికి జరిగాడు.

"కదలకు. గుచ్చుకుంటుంది."

వేళ్ల కింద వాడి గుండె దడదడా కొట్టుకుంటోంది. ఎన్నేళ్లయిందో వీణ్ణి ఇంత దగ్గరగా చూసి.

"ముఠాలో పెద్దవాళ్లంతా రాత్రికి రాత్రే ఊరు దాటేశారు. నాకొక మాటైనా చెప్పలేదు," అన్నాడు కొడుకు. "మీ అధ్యక్షుడితో చెప్పు నాన్నా. నేనే వచ్చి లొంగిపోతాను. కొట్టకుండా చూస్తే చాలు."

"సభ కాగానే చెప్తాను. అందాకా ఇక్కడే పడుండు."

ఇంతలో డప్పులు వినిపించాయి. మిగతా జెండాల కోసం కార్యకర్తలు ఊరేగింపుగా వస్తున్నారు. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. "చీకటిపడ్డాక వస్తాను," అంటూ ఒక్క ఉదుటున బయటపడ్డాడు. జాగ్రత్తరా అందామని టైలర్ నోరు తెరిచాడు. నోట్లో కొరికిపట్టిన దారం అడ్డొచ్చింది.

చీకటి పడుతుండగా మైకులో అధ్యక్షుడి గొంతు కొట్లోకి స్పష్టంగా వినిపించింది. "మన దెబ్బకి ప్రభుత్వం దిగొచ్చింది! పారిపోబోతున్న ముఠా మనిషిని పోలీసులు ఇప్పుడే కాల్చిచంపారు!" చప్పట్లు, ఈలలు. టైలర్ ఇస్త్రీ చేస్తూనే ఉన్నాడు, చేసిన మడత మీదే మళ్లీ మళ్లీ.

కాసేపటికి ఒక కానిస్టేబుల్ వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "పెద్దాయనా, ఒకసారి ఆసుపత్రి దాకా రావాలి. మీవాడేనని... మీరొచ్చి చూడాలి."

"ఎక్కడ దొరికాడు?"

"రైలుపట్టాల దగ్గర. ఎంతో దూరం పరిగెత్తలేదు, కాలు మడతపడి పడిపోయాడు. లేవబోతుంటే..."

టైలర్ ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపాడు. గుమ్మం దిగి, చూడకుండానే చెప్పుల కోసం కాలు చాచాడు. తగల్లేదు. వంగి చూశాడు. పట్టీ తెగితే తనే కుట్టేసుకుని, ఈడ్చుకుంటూ నడిచే తన పాత చెప్పులు అక్కడ లేవు. కంగారులో వాడు అవే తొడుక్కుపోయాడు.

"వాటితో నడవడమే కష్టం బాబూ," అన్నాడు టైలర్.

కానిస్టేబుల్‌కి అర్థం కాలేదు. "రండి," అని చెయ్యి పట్టుకున్నాడు. టైలర్ ఒట్టికాళ్లతో అతని వెంట నడిచాడు.

గుమ్మం ముందు కొడుకు చెప్పులు, దళసరి అట్టల కొత్త చెప్పులు, లోపలికి వచ్చినవాడు విడిచినట్టే, ముందువైపు కొట్లోకి తిరిగి ఉన్నాయి.