ఆడవాళ్ళ గేటు

సంతలో గొడ్డు పళ్ళు చూసినట్టే చూశాడు. కాకపోతే అక్కడ నిలబడ్డది ఆడవాళ్ళు, చూసింది రమావిలాస్ టాకీస్ యజమాని బాపిరాజు. ఏలూరు కాలవ గట్టున కొత్తగా కట్టిన హాలు ముందు, ఆడవాళ్ళ గేటులో టిక్కెట్లు చించే పనికొచ్చిన అందర్నీ మిట్టమధ్యాహ్నపు ఎండలో వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకి తిప్పాడు. రత్నకుమారి దగ్గర ఆగి నవ్వాడు. ఆమె పక్కనున్న దానమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు పోయింది.

"మశూచి మచ్చలు, పైగా ఈ నలుపొకటి. గేటులో నిన్ను చూస్తే ఆఫీసర్ల ఆడవాళ్ళు లోపలికొస్తారా? పొద్దున్నే వచ్చి హాలు ఊడ్చిపో."

దానమ్మ రత్నకుమారికి పిన్ని. తల్లి పోయిన పిల్లని పెంచి, మిషన్ బడిలో చదివించింది. ఇదే బాపిరాజు డేరాలో మూగ సినిమాలు ఆడించినన్నాళ్ళూ ఆడవాళ్ళ వైపు కథ చెప్పింది ఆమే. మగవాళ్ళ వైపు ఒకాయన తెర పక్కన నిలబడి బొమ్మని వివరించేవాడు. మధ్యలో కట్టిన పరదా దాటి ఆయన మాటలు సరిగా వినబడేవి కావు. అందుకని దానమ్మ నేల మీద ఆడవాళ్ళ నడుమ కూర్చుని చెప్పేది. ఆమె ఏడిపిస్తే ఏడ్చేవాళ్ళు, నవ్విస్తే నవ్వేవాళ్ళు. అప్పుడు ఎవరికీ అడ్డురాని ముఖం ఇప్పుడు అడ్డొచ్చింది. బొమ్మే మాట్లాడే రోజులొచ్చాయి కాబట్టి కనీసం గేటు పని ఇమ్మని అడిగితే, దొరికిన జవాబు అది.

రత్నకుమారికి కంపెనీ చీర, పౌడరు డబ్బా ఇచ్చారు.

"నేను మానేస్తాను పిన్నీ" అంది దారిలో.

"మానేసి ఏం తింటామే? నాకు చీపురిచ్చాడు, నీకు పౌడరిచ్చాడు. ఇచ్చిన చెయ్యి ఒకటే. పద."

ఆదివారం ప్రార్థన అయ్యాక జనపనార మిల్లు కూలీల పేటలో మీటింగు పెట్టారు. మిల్లు యూనియన్ యోసేపు లేచాడు. "నల్లగా ఉన్నారని దానమ్మ గారిని గేటుకి పనికిరాదన్నారు! మొదటి ఆట నాడు మనమంతా ముఖాలకి మసి పూసుకుని హాలు ముందు నిలబడదాం!"

అందరూ చప్పట్లు కొట్టారు. దానమ్మ కొట్టలేదు.

"నా రంగు మసి కాదు బాబూ. మీరు ఇంటికెళ్ళి కడిగేసుకుంటారు. నేనేం చెయ్యను?"

చప్పట్లు ఆగిపోయాయి. యోసేపు మంచికే అన్నాడు. అయినా అవమానం అవమానమే. "తప్పయిపోయిందండి" అన్నాడు తల దించుకుని. "మరేం చేద్దామో మీరే చెప్పండి."

"నేల టిక్కెట్టు కొనకండి. హాలు నిండేది మనతో, కుర్చీలవాళ్ళతో కాదు."

కొల్లేరు నుంచి చేపల గంపతో వచ్చే పాపాయమ్మ మొహమాటం లేకుండా అడిగేసింది. "మానేత్తాం గానీ, మాటాడే బొమ్మంట కదమ్మా, చూడాలని మనసు పీకుతంది. పిల్లలైతే ఇప్పట్నించే పడవ తియ్యమంటన్నారు."

అందరి మనసులోనూ ఉన్నది అదే. దానమ్మ కోప్పడలేదు.

"నిన్న హాల్లో ట్రయలు వేశారు. నేనూ రత్నం చూశాం. ఆ కథ గేటు బయట నేను చెబుతాను. రండి."

మొదటి ఆట సాయంత్రం కాలవ నిండా పడవలే. మిల్లువాళ్ళు, చేపలవాళ్ళు, జట్కావాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళు గేటు దాకా వచ్చి రోడ్డు మీదే కూర్చున్నారు, వాళ్ళ వెనక మగవాళ్ళు. పౌడరు ముఖంతో నిలబడ్డ రత్నకుమారి టిక్కెట్టు చించడానికి చెయ్యి చాపింది. ఆ చేతిలో ఎవరూ ఏమీ పెట్టలేదు.

దానమ్మ ఇటుకల కుప్ప మీద కూర్చుని మొదలుపెట్టింది. లోపల బొమ్మ ఖాళీ నేలకి పాటలు పాడుతోంది. బయట పిన్ని గొంతు వినబడుతోంది. రత్నకుమారికి ఒంటి మీద చీర కంపరం పుట్టించింది. ఈ పని వదిలితే రేపు పొయ్యి వెలగదు, ఆ సంగతీ తెలుసు.

బాపిరాజు పోలీసుల్ని పిలిపించాడు. సబినస్పెక్టరు వచ్చేసరికి కథలో రాక్షసుడు రాజకుమారుణ్ణి గుహలోకి తోస్తున్నాడు.

"లే! రోడ్డు మీద అల్లరేమిటి?"

"అల్లరి కాదండి, కథండి. తోసేసి, రాక్షసుడు తలుపు మూశాడు..."

జబ్బ పట్టి లాగారు. అడ్డం వెళ్ళిన యోసేపు తల లాఠీతో పగలగొట్టారు. దానమ్మ వెనక్కి తిరిగి మిగతా కథ చెప్పబోతే ఒక జవాను నోటి మీద కొట్టాడు. ఇద్దర్నీ ఈడ్చుకుపోయారు.

జనానికి ఏం చెయ్యాలో తోచలేదు. పాపాయమ్మ ఒక్కతే ఏడుపు గొంతుతో అంది. "తలుపు మూసేశాడు. తరవాతేమైంది? ఎవరైనా చెప్పండే!"

రత్నకుమారి చీర కొంగుతో పౌడరు తుడుచుకుని గేటు మెట్లు దిగింది.

"ఎక్కడికే? గేటు ఎవరు చూస్తారు?" అని అరిచాడు బాపిరాజు.

"మీరే నిలబడండి. మీ ముఖం బాగానే ఉందిగదండీ."

వెళ్ళి పిన్ని కూర్చున్న చోటే కూర్చుంది. బొమ్మలో ఒక దేవత వచ్చి రాజకుమారుణ్ణి విడిపిస్తుంది. అది ఆమెకి తెలుసు.

"తలుపు మూశాడు. ఆ సంగతి ఊళ్ళోవాళ్ళకి తెలిసింది. పొలాలవాళ్ళూ, పడవలవాళ్ళూ, అందరూ వచ్చి గుహ ముందు కూర్చున్నారు. కొట్టినా లేవలేదు."

"బొమ్మలో అలా లేదు" అన్నారెవరో గేటు లోపలి నుంచి.

"మా కథలో ఉంది. నువ్వు నోర్ముయ్" అంది పాపాయమ్మ.

పట్టుకున్నవాళ్ళని జవాన్లకి అప్పగించి సబినస్పెక్టరు మళ్ళీ ఇటే వస్తున్నాడు. రత్నకుమారి చూసింది, గొంతు మాత్రం తగ్గించలేదు. పాపాయమ్మ గంప పక్కకి నెట్టి ఇటుకల కుప్ప దగ్గరికి జరిగి కూర్చుంది, కథ చెప్పే తన వంతు కోసం.