షూ లేసు కట్టుకునేంత సేపు

బస్టాండులో నా గొంతు తెలియని బస్సు లేదు. మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎటు పోతుందో చెప్పడం నా ఉద్యోగం. డ్రైవర్లు నన్ను ‘మైకాసురుడు’ అంటారు. మైకు పాడైనా తేడా తెలియదని వాళ్ళ ఫిర్యాదు.

ఇప్పుడు ఆ గొంతు మీదే కేసు. నా మాజీ భార్య (మాజీలో ‘మా’ ఇంకా మిగిలే ఉంది, చూసుకునేవాణ్ణి నేనొక్కణ్ణే) కోర్టుకిచ్చిన అఫిడవిట్టులో ఒక్క విట్టూ లేదు. తండ్రి అరుపులకు పాప హడలిపోతోందట, ఆదివారాలు అతని ఇంటికి పంపడం కుదరదట. నా కేకలే జోలపాటగా పెరిగిన పిల్ల అది. భయమనే మాట దాని నోట ఎవరో పెట్టి ఉంటారని నా అనుమానం.

“అనుమానాలు నాకొద్దు అన్నయ్యా, ఆధారం కావాలి,” అంది మా వకీలమ్మ. “శనివారం కౌన్సెలర్ గదిలో పాపతో కాసేపు కూర్చోనిస్తారు. అలా చెప్పమని ఎవరు నేర్పారో కనుక్కో. నీ గొంతు మాత్రం తగ్గించు. అక్కడ అరిచావంటే వాళ్ళ మాటే నిజమైపోతుంది.”

వారమంతా అద్దం ముందు గుసగుసలు సాధన చేశాను. మా అక్క చూసి, “ఎవర్తోరా ఆ రహస్యాలు?” అని అడిగింది కూడా.

శనివారం పాప వచ్చింది. ముందు పళ్ళు రెండూ లేవు. అవి ఊడిన రోజున నేను పక్కన లేను. కిటికీ దగ్గర కౌన్సెలర్ మేడం పెన్ను పట్టుకుని కూర్చుంది.

“బాగున్నావా బంగారం,” అన్నాను, గాలికి కూడా తెలియకుండా.

పాప మొహం చిన్నబోయింది. కుర్చీ వెనక్కి జరుపుకుంది. కౌన్సెలర్ పెన్ను కదిలింది. నేను గొంతు ఇంకా తగ్గించాను. పాప ఇంకా జరిగింది.

“నాన్నా, నా మీద కోపమా?”

“లేదమ్మా.”

“మరి గొంతు నొప్పా? నిన్న బాగానే ఉందిగా.”

“నిన్నా?”

“బస్టాండులో. నేనూ అమ్మా రోజూ బడి నుంచి వస్తూ అక్కడే బస్సు మారతాం. అమ్మ ఎక్కుదాం పద అంటుంది. నేను షూ లేసు ఊడిందంటాను. నువ్వు ‘పాత వంతెన మీదుగా రైల్వే గేటు’ అనేదాకా అది ఊడుతూనే ఉంటుంది.”

మైకు గది పైఅంతస్తులో, కిటికీ వెనక బస్సుల షెడ్డు వైపు. రోజూ నా కాళ్ళ కిందే నిలబడిన పిల్లను నేను చూడనే లేదు.

“అమ్మ తిట్టదా?”

“ఊహూ. ఊడకపోయినా వంగి కడుతుంది. మెల్లిగా కడుతుంది.”

వకీలమ్మ అడగమన్న ప్రశ్న నాలుక చివరే ఉంది. అడిగితే కేసు నాది. కానీ లేసు కడుతూ వంగిన ఆ తల్లి మీద ఈ పిల్ల చేత సాక్ష్యం చెప్పించడమే అవుతుంది. ప్రశ్నను మింగేశాను. గొంతు పెద్దదైనా అది తేలిగ్గా దిగలేదు.

“అయితే విను,” అని గొంతు విప్పాను. “ప్రయాణికులకు మనవి...”

కిటికీ అద్దాలు అదిరాయి. పాప పకపకా నవ్వుతూ ఒళ్ళోకి దూకింది. కౌన్సెలర్ ఒక చెవి మూసుకుని, రెండో చేత్తో రాసుకుంది.

“వచ్చే శనివారం కూడా ఇక్కడికే రండి. ఇంటికి పంపే సంగతి ఆ తర్వాత చూద్దాం,” అంది. “గొంతు మాత్రం ఇలాగే ఉండనివ్వండి.”

బయట వరండాలో పాప వాళ్ళమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది.

“అంతా వినపడింది,” అంది నా వైపు చూడకుండా.

“ఎప్పట్లాగే,” అన్నాను.

ఆవిడ లేచింది. పాప చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

సోమవారం సాయంత్రం రైల్వే గేటు బస్సు వేళకు మైకు దగ్గరికి లాక్కుని, దారిలో ఆగే ప్రతి స్టాపు పేరూ సాగదీసి చదివాను. “ప్రయాణికులు తొందరపడకుండా షూ లేసులు కట్టుకోవలెను,” అని చివర్లో కలిపాను. కింద డ్రైవరు హారను మీద హారను కొట్టాడు. మేనేజరు దగ్గర్నుంచి ఫోను మోగింది.

ఎత్తలేదు. మళ్ళీ మొదటి స్టాపు నుంచీ చదవడం మొదలుపెట్టాను.