పారిపోయాడన్న గొంతు

ఆ వార్తా చానల్లో ఆమె మొహం ఎవరికీ తెలియదు. గొంతు మాత్రం ఊరందరికీ తెలుసు. తెర మీద మంటలు ఎగసిపడుతుంటే వెనకనుంచి వినిపించే వ్యాఖ్యానం ఆమెదే. బట్టల గోడౌను తగలబడిన రోజు వార్తల ఇన్‌చార్జి ఆమె చేతిలో కాగితం పెట్టాడు.

"వాచ్‌మన్ కనబడట్లేదట. నిప్పంటించి పారిపోయాడని చదివెయ్. అదిరిపోవాలి."

"నిజమేనా సార్?"

"కింద ప్రశ్నార్థకం పెట్టాంగా!"

ప్రశ్నార్థకం తెర మీద ఉంది. ఆమె గొంతులో లేదు. మూడు రోజులు ఇరవై నాలుగు గంటలూ అదే తిప్పారు. నాలుగో రోజు మెట్ల దగ్గర వాచ్‌మన్ శవం దొరికింది. తనను బయటికి నెట్టి, ఇంకొకరి కోసం మళ్లీ లోపలికెళ్లాడని ఓ కూలీ చెప్పాడు. అప్పటికే చానల్ ఎవరో నటి విడాకుల మీద పడింది. ఆమెకు మాత్రం ఎక్కడికెళ్లినా తన గొంతే వెంట తరుముతున్నట్టుండేది.

వారం తర్వాత మందుల షాపులో తలనొప్పి మాత్రలు అడిగింది. పక్కనున్న యువతి గిరుక్కున తిరిగింది.

"టీవీలో పారిపోయాడన్నది మీరే కదా? అది మా ఆయన్నే."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. చెంప పగలగొడుతుందనుకుంది. ఆ యువతి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా అత్తయ్య నమ్మట్లేదక్కా. ఒళ్లంతా కాలిపోయింది, గడియారం చూసి గుర్తుపట్టాం. పారిపోయాడంటే బతికే ఉన్నాడంటుంది. రోజూ కంచం పెట్టుకుని కూర్చుంటోంది. మీరొచ్చి చెప్పండి. మీ మాటైతే వింటుంది."

ఇల్లు ఒకటే గది. టీవీ ముందు ముసలమ్మ. ఆమె పలకరించగానే ముసలమ్మ కళ్లు వెలిగాయి.

"నువ్వేనా తల్లీ! ఎక్కడున్నాడో తెలిసిందా?"

"మీ అబ్బాయి లేడమ్మా. ఆ రోజే పోయాడు. పారిపోలేదు. నేను చదివింది అబద్ధం."

ముసలమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. "ఈ మాట నీచేత ఎవరు చెప్పించారమ్మా?" అంది జాలిగా.

మర్నాడు తప్పు దిద్ది చదువుతానంటే ఇన్‌చార్జి నవ్వాడు. "పాచిపోయిన వార్త. ఎవరు చూస్తారు?"

చూసే మనిషి ఒకరున్నారు. ఆ మధ్యాహ్నం ఏదో దొంగతనం కథనానికి గొంతు ఇస్తూ, ఆమె చివర్లో నాలుగు మాటలు కలిపింది: గోడౌను వాచ్‌మన్ పారిపోలేదు, ఒక మనిషిని కాపాడి ప్రాణం విడిచాడు, మేం చెప్పింది తప్పు. కథనం కూర్చే ఎడిటర్ చూసీ చూడనట్టు వదిలేశాడు. ఒక్కసారే ప్రసారమైంది. సాయంత్రానికల్లా ఆమె ఉద్యోగం ఊడింది.

సామాను సర్దుకుని బస్‌స్టాపులో నిలబడితే ఆ యువతి ఫోన్ చేసింది.

"అత్తయ్య విందక్కా. టీవీ కట్టేసింది. ఇన్నాళ్లకి ఏడుస్తోంది. మీకు పుణ్యముంటుంది."

ఆ యువతి మాటలు అయిపోయాయి. వెనక ముసలమ్మ ఏడుపు మాత్రం వినిపిస్తూనే ఉంది. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. ఫోన్ పెట్టెయ్యడానికి ఆమెకు చెయ్యి రాలేదు.