మూడో డ్రమ్ము మీద రేకుబిళ్ళ

సెలవులొచ్చాయంటే ఊరందరికీ సంబరం, బట్టలుతికే ఆ షెడ్డులో వాళ్ళకి మాత్రం నడుం విరిగే చాకిరీ. హోటలు గదులన్నీ నిండిపోతాయి. మాసిన దుప్పట్లూ తువ్వాళ్ళూ వ్యాన్లలో వచ్చి వెనక గుమ్మం దగ్గర కొండలా పడతాయి. ఈసారి ఆ కొండ మీద ఒక ఆరేళ్ళ పిల్ల కూచుని పెన్సిలు కొరుకుతోంది.

"అమ్మా, ఇవాళ ఏం రాయను?"

సెలవుల్లో రోజుకొక చిన్న మంచి సంగతి రాసి, దానికి థాంక్స్ చెప్పమంది బళ్ళో టీచరు. మొన్న "వేడినీళ్ళు" అని రాసింది పిల్ల. నిన్న "నా సాక్సులు, ఒకటే చిరిగింది" అని రాసింది.

"థాంక్స్ ఎవరికి చెప్పాలటే, గోడకా?" అంది గంజి అక్క, దుప్పటి గంజిలో ముంచుతూ. ఆవిడ షెడ్డులో అందరికన్నా పాతకాపు.

తల్లికి ఏమీ తోచలేదు. ఏడో తరగతితోనే చదువుకి నీళ్ళొదిలిన మనిషి. పైగా మంచి సంగతులు వెతకడానికి ఆమె గుండె కుదురుగా ఉంటేగా! తలుపు కిర్రుమన్నా, ఎవరైనా గట్టిగా దగ్గినా ఉలిక్కిపడుతుంది. అందుకే తోటివాళ్ళు ఆమెని 'బెదురు' అని పిలుస్తారు. బెదురుకి కారణం లేకపోలేదు. మూడు నెలల క్రితం మొగుడు ఆమె మెడ దగ్గరి ఎముక విరగ్గొట్టాడు. తెల్లవారుతూనే పిల్లని చంకనేసుకుని ఇల్లు వదిలేసింది. వారం క్రితం వాడు కబురు పంపాడు: "సెలవులు రానీ. అప్పుడు బడీ ఉండదు, బడి గేటు దగ్గర కాపలావాడూ ఉండడు. నా పిల్లని నేను తీసుకుపోతా. ఇంక జన్మలో దాని మొహం చూడవు."

అందుకే పిల్లని ఇంట్లో వదల్లేక వెంట తెచ్చుకుంది. పొద్దున్నే పాఠం అప్పజెప్పించింది కూడా.

"నాన్న గొంతు వినపడితే?"

"ఎక్కడైనా దూరిపోవాలి. నువ్వు పిలిచేదాకా ఊపిరి కూడా వినపడకూడదు."

"ఊపిరి తీసుకో తల్లీ, చప్పుడు మాత్రం చెయ్యకు."

ఆ షెడ్డులో ఒక కట్టుబాటుంది. ప్రతి మనిషి మెడలో నంబరు కొట్టిన రేకుబిళ్ళ ఒకటి, లావుపాటి ఇనుప కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. ఉతుకు యంత్రం డ్రమ్ములో ఇరుక్కున్న గుండీలూ దారాలూ తీయడానికి చెయ్యి పెట్టేముందు, ఆ కొక్కేన్ని స్విచ్చు పిడికున్న చిల్లులో తగిలించాలి. అదున్నంతసేపూ పిడి కిందికి దిగదు, డ్రమ్ము తిరగదు. ఎవరు తగిలించారో వాళ్ళే తీయాలి. గంజి అక్క కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. "ఈ రూలు నా వేళ్ళు తినే పుట్టిందే," అంటుంది నవ్వుతూ.

బెదురుకేమో పని కాగానే బిళ్ళ తీసుకోవడం గుర్తుండదు. మనసు పిల్ల మీద, కళ్ళు గుమ్మం మీద. డ్రమ్ము కడుపు ఖాళీగా, పిడికి బిళ్ళ వేలాడుతూ, పని ఆగిపోతుంది. ఆ వారంలో రెండుసార్లు జరిగింది.

"మూడోసారి మర్చిపోయావంటే ఆ బిళ్ళ పట్టుకుని ఇంటికెళ్ళిపో," అన్నాడు మేస్త్రి. "హోటలు వాళ్ళు నన్ను ఉతికి ఆరేస్తున్నారు."

ఆ మధ్యాహ్నం మిగతా ఆడవాళ్ళంతా ముందు గదిలోకి తిండికి వెళ్ళారు. బెదురూ గంజి అక్కా మాత్రం మిగిలారు. వ్యాను వాడు దుప్పట్లు దించి, వెనక తలుపు బార్లా వదిలేసి పోయాడు.

ఆ తలుపులోంచి వచ్చాడు వాడు.

"ఏమే! ఇక్కడ దాక్కుంటే పట్టలేననుకున్నావా?"

ఆమె తిరిగేలోపే జుట్టు వాడి పిడికిట్లో ఉంది. మొహం తీసుకెళ్ళి దుప్పట్లు తోసే బండి ఇనుప అంచుకేసి కొట్టాడు. పెదవి పగిలింది. రెండోసారి కొడితే పన్నూడి నాలుక మీద పడింది.

"పిల్లేదే?"

"లేదు. ఇక్కడ లేదు."

డొక్కలో తన్నాడు. దుప్పట్ల కొండ మీద నోటుబుక్కుంది, పిల్ల లేదు. ఎక్కడ దూరిందో తల్లికీ తెలీదు.

"ఓరి నీ చేతులు పడిపోనూ! వదలరా దాన్ని!" గంజి అక్క సల సల కాగుతున్న గంజి చెంబుతో తీసి వాడి వీపు మీద గుమ్మరించింది. వాడు గావుకేక పెట్టి, వెనక్కి తిరిగి ఆవిడ గుండెల మీద తన్నాడు. ఆవిడ తువ్వాళ్ళ గుట్టలో పడింది.

"ముసలిదానా, మిగిలిన వేళ్ళు కూడా బరువయ్యాయా?"

"రండే! చంపేస్తున్నాడు, రండే!" పడ్డచోటునుంచే అరిచింది గంజి అక్క.

వాడు దుప్పట్ల బళ్ళన్నీ తిరగేశాడు. దుప్పట్లు చించి విసిరాడు. ముందు గదిదాకా అరుపులు పోతాయని గుర్తొచ్చినట్టుంది, పళ్ళికిలించాడు. "అరవండి. ఎంత అరుస్తారో అరవండి, మీ గొంతులేం వినపడతాయో చూస్తా." మొదటి డ్రమ్ము పిడి లాగాడు. అది గుర్రుమంటూ తిరిగింది. రెండోది లాగాడు. షెడ్డు నేల అదిరింది.

మూడోది లాగాడు. దిగలేదు.

బూతు తిట్టి, రెండు చేతులతో వేలాడినట్టు లాగాడు. కొక్కెం వాడి అరచేతిని కోసింది. నెత్తురు బిళ్ళ మీదుగా కారి, డ్రమ్ము తలుపుకున్న గుండ్రటి అద్దం మీద గీతలా దిగింది.

ఆ గీత వెనక ఒక మొహం.

నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, ఊపిరి వినపడకుండా, కళ్ళింతింత చేసుకుని తల్లినే చూస్తోంది పిల్ల. వాడింకా పిడి లాగుతూనే ఉన్నాడు. కూతురు ఎక్కడుందో తెలీదు వాడికి.

అప్పటిదాకా బెదురులో ఉన్న బెదురంతా ఎటు పోయిందో. తడి దుప్పట్లు లాగే దుడ్డుకర్ర గోడకానించి ఉంది. అది చేతికెప్పుడొచ్చిందో ఆమెకే తెలీదు. మొదటి దెబ్బ మణికట్టు మీద పడింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. రెండోది మోకాలు మీద. వాడు కూలాడు. మూడోది, నాలుగోది ఎక్కడ పడ్డాయో చూసుకోలేదు.

"అమ్మా! కొట్టకు, అమ్మా!" అని ఏడ్చాడు వాడు. మూడు నెలల క్రితం ఆమె అన్నమాటే అది.

"చాలే! చచ్చిపోతాడే!" గంజి అక్క పాక్కుంటూ వచ్చి కాళ్ళు పట్టుకుంది.

"చావనీ అక్కా!"

కర్ర వాడి తలకి గురిపెట్టి ఎత్తింది. అప్పుడు వినిపించింది, రెండు డ్రమ్ముల హోరులోంచి, టక్ టక్ మని. పిల్ల వేలితో అద్దం మీద కొడుతోంది. అమ్మ పిలవలేదు కదా, రావచ్చా అని అడుగుతున్నట్టు.

ఆమె కర్ర దించింది. వాణ్ణి చంపితే జైలుకి పోయేది తను, ఆ పిల్లకి ఎవరూ మిగలరు. డ్రమ్ము తలుపు లాగి, "రా తల్లీ," అంది. నోట్లో నెత్తురుతో మాట సరిగ్గా రాలేదు కానీ పిల్లకి అర్థమైంది.

డ్రమ్ములు ఒట్టినే తిరుగుతున్న మోత విని ముందు గదిలోంచి ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. వాణ్ణి తడి దుప్పట్లో చుట్టి, నలుగురు మీద కూచున్నారు. పోలీసులొచ్చేదాకా లేవలేదు. "అబ్బ, సెలవులొచ్చాక కాస్త కూచున్నది ఇవాళే," అంది ఒకామె. ఇంకొకామె నవ్వబోయి ఏడ్చేసింది.

మేస్త్రి చివర్లో వచ్చాడు. పోలీసులు వాణ్ణి మోసుకెళ్ళాక, అలవాటు కొద్దీ డ్రమ్ముల వైపు చూసి, "మూడో దాని మీద బిళ్ళ ఎవరిది?" అన్నాడు.

"నాదే," అంది బెదురు. "మళ్ళీ మర్చిపోయాను."

ఆయన బిళ్ళ మీది నెత్తురు చూశాడు. తలుపు తెరిచి ఉన్న డ్రమ్ములో పడి ఉన్న చిరిగిన సాక్సు చూశాడు. బయటికి పోయి గోడకానుకుని నిలబడ్డాడు.

ఒళ్ళో కూచున్న పిల్ల నోటుబుక్కు తెరిచింది.

"అమ్మా, ఇవాళ ఏం రాయను? లోపల సబ్బు వాసన బాగుంది. అది రాయనా?"

"రాయి. దాని కింద బిళ్ళ అని కూడా రాయి."

"రోజుకి ఒకటే కదా!"

"ఇవాళ రెండు రాయి. టీచరేమన్నా అంటే నేను చెప్తాను."

పిల్ల నాలుక బయటపెట్టి జాగ్రత్తగా రాస్తుంటే, ఆమె ఒక్కో అక్షరాన్నీ చూస్తూ కూచుంది. బిళ్ళ తీయడానికి లేవలేదు. ఇంకెవరూ దాన్ని ముట్టుకోలేదు. గుమ్మం దగ్గర దుప్పట్లు కొండలా ఉన్నా, ఆ సాయంత్రం మూడో డ్రమ్ము తిరగలేదు.