సీలు వేసిన గదిలో నిచ్చెన

రంగుల మేస్త్రి నిచ్చెన ఏ నేరమూ చేయలేదు. ఒక ఇంటికి రంగు వేస్తూ, మిగతా పని రేపు చూద్దామని, దాన్ని ఆ గోడకే ఆనించి వెళ్ళాడు. దొంగలు దాన్ని ఎక్కి మేడ మీది కిటికీలోంచి దూరారు. దిగిపోయేటప్పుడు నిచ్చెనను ఉన్నచోటే వదిలేశారు. పనివాడి పనిముట్టు ఎత్తుకుపోకూడదన్న ఇంగితం దొంగలకు ఉంది. పోలీసులకు లేదు. తెల్లారి వచ్చి నిచ్చెనను పట్టుకుపోయారు. ఇప్పుడు దొంగలు బెయిలు మీద వీధుల్లో తిరుగుతున్నారు. నిచ్చెన మాత్రం ఎనిమిది నెలలుగా లోపలే ఉంది. దానికి బెయిలు ఇచ్చేవాడు లేడు.

నిచ్చెన లేని రంగుల మేస్త్రి చెయ్యి అందినంత మేరే బతకాలి. ఈ ఎనిమిది నెలలూ అతను ప్రహరీ గోడలకు, గేట్లకు, తలుపు చెక్కలకు రంగు వేసి నెట్టుకొచ్చాడు. అద్దెకు ఇచ్చేవాడి దగ్గరికి పోతే, "నీ నిచ్చెన దొంగతనాలకు పోతుందటగా మేస్త్రీ" అని పళ్ళికిలించి పంపేశాడు. కొత్తది కొనే స్తోమతే ఉంటే కోర్టు గడప ఎందుకు తొక్కుతాడు?

అది అలాంటి ఇలాంటి నిచ్చెన కాదు. ఇరవై అడుగులు. ఏడో మెట్టు ఎప్పుడో విరిగితే దాని చోట ఇనప గొట్టం పెట్టి నీలం నైలాను తాడుతో బిగించాడు. పదకొండేళ్ళుగా వేసిన ప్రతి ఇంటి రంగూ దాని మీద చుక్కలు చుక్కలుగా ఎండిపోయి ఉంది. అతను పైకి ఎక్కితే కింద పట్టుకునేది భార్య. గోడ గీకేదీ, లప్పం పెట్టేదీ ఆమే. కాబట్టి పోలీసులు ఒక్క నిచ్చెనను పట్టుకుపోయి రెండు పొట్టల మీద కొట్టారు.

ఇప్పుడు మూడంతస్తుల భవనం పని ఒకటి తగిలింది. యజమానురాలు మంచిదే, కానీ ఆమెకీ ఓపిక అయిపోయింది. "వచ్చే సోమవారం పొద్దున నీ నిచ్చెన నా గోడకి ఆనాలి మేస్త్రీ. లేకపోతే వేరేవాళ్ళని పిలుచుకుంటా. తర్వాత నన్ను అనొద్దు" అని తేల్చి చెప్పింది.

సోమవారం లోపల నిచ్చెన రావాలి. కథంతా అంతే.

నిజానికి మేస్త్రి నెల కిందటే కోర్టుకు వెళ్ళాడు. ఇంటి నుంచి నడిస్తే పది నిమిషాలు. జప్తు చేసిన వస్తువులు చూసే గుమాస్తా కిటికీ వెనక కూర్చుని ఉన్నాడు. చేతివేళ్ళకు ఎప్పుడూ ఎర్ర లక్క అంటుకుని ఉంటుంది కాబట్టి అందరూ అతన్ని సీలు గుమాస్తా అంటారు. మేస్త్రి దరఖాస్తు కాగితం చాపాడు. గుమాస్తా దాన్ని పామును చూసినట్టు చూశాడు.

"కాగితాలు మానేశాం. అంతా ఆన్‌లైన్."

"నేను ఎదురుగానే ఉన్నాను కదా సార్."

"అదే తప్పు. ఎదురుగా ఉండకూడదు. ఇంటికెళ్ళి పెట్టు." గోడ మీద కొత్త పోస్టరు వైపు వేలు చూపించాడు. "న్యాయం మీ ఇంటికే" అని రాసి ఉంది. పోస్టరులో ఒక నవ్వు ముఖాల కుటుంబం సోఫాలో కూర్చుని ఫోనులో న్యాయం అందుకుంటోంది.

"న్యాయం ఇంటికొస్తే సరే సార్. నాకు నిచ్చెన రావాలి."

"తరువాతి వాళ్ళు" అన్నాడు గుమాస్తా. వెనక ఎవరూ లేరు.

ఇంట్లో సోఫా లేదు. పగిలిన అద్దంతో భార్య ఫోను ఉంది. ఆమె పక్కింటి వైఫై అందే గడప మీద కూర్చుని దరఖాస్తు తెరిచింది. మొదటి ప్రశ్న: ఆస్తి రకం. వాహనం, నగలు, నగదు, ఎలక్ట్రానిక్ వస్తువు, జంతువు. ఈ అయిదే. దేశంలో ఇంకేమీ పోవు అని ఎవరో పెద్దమనిషి ఏసీ గదిలో తీర్మానించాడు.

"నిచ్చెన లేదయ్యా ఇందులో."

"వాహనం నొక్కు. ఎక్కుతాం కదా."

"నంబరు ప్లేటు అడుగుతోంది."

"నగలు?"

"ఎన్ని తులాలంటోంది. ఆ మాటకొస్తే నా మెళ్ళో ఎన్ని ఉన్నాయో ముందు చెప్పు, ఆ తర్వాత నిచ్చెన సంగతి చూద్దాం."

మేస్త్రి చూపు తిప్పుకున్నాడు. ఆమె ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయింది. చివరికి ఒక్క జంతువు దగ్గరే దరఖాస్తు ముందుకు కదిలింది. వయసు? పదకొండేళ్ళు. రంగు? అన్ని రంగులూ. గుర్తులు? ఏడో మెట్టు ఇనపది. పాలిచ్చునా? లేదు.

"రాస్తున్నావా నిజంగా?"

"అది తీసుకుంటోంది, నేను ఇస్తున్నాను. మనిషైతే అడిగేవాడు. దీనికి గళ్ళు నిండితే చాలు."

ఓటీపీకి మాత్రం ఫోను సిగ్నలే కావాలి. ఆ వీధిలో సిగ్నలు దొరికేది ఇంటి కప్పు మీదే. కప్పు ఎక్కాలంటే నిచ్చెన కావాలి. ఆమె నీళ్ళ డ్రమ్ము మీద స్టూలు వేసుకుని ఎక్కింది. మూడోసారికి దరఖాస్తు చేరింది. వెంటనే మెసేజీ: "మీ ఆస్తి నంబరు 42, సీలు వేసిన గదిలో భద్రంగా ఉంది."

"చూశావా, ఎంత స్పీడో" అంది ఆమె స్టూలు మీద నుంచే. "ఇవ్వడానికి కాదు, ఉందని చెప్పడానికి."

విచారణ గురువారానికి పడింది. సోమవారానికి నాలుగు రోజుల ముందు. లింకు పంపించారు. కోర్టుకు రానక్కర లేదు, రాకూడదు కూడా. నడిచి పోయే పది నిమిషాల దూరాన్ని తప్పించడానికి ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టిందో అని మేస్త్రి మురిసిపోలేదు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, తడి ఆరని గోడ ముందు కూర్చున్నట్టు ఆ గడప మీదే కదలకుండా కూర్చున్నాడు. భార్య ఫోనును అతని ముఖానికి ఎదురుగా పట్టుకుంది. నిచ్చెన పట్టుకునే చేతులు కదా, వణకలేదు.

తెర మీద కోర్టు హాలు కనిపించింది. ఎత్తయిన బల్ల, బల్ల వెనక జడ్జిగారు, పక్కన సీలు గుమాస్తా. జడ్జిగారు ముందున్న కంప్యూటరు చూసి చదివారు.

"నలభై రెండు. జంతువు. ఎలా ఉంది?"

"భేషుగ్గా ఉందండి" అన్నాడు గుమాస్తా. ముప్పై ఏళ్ళుగా అడిగినదానికల్లా ఉందండి అనే అలవాటు. అడిగింది ఏమిటో వినే అలవాటు లేదు.

"ఎక్కడ ఉంచారు?"

"సీలు వేసిన గదిలో అండి. ఎవరినీ ముట్టుకోనివ్వట్లేదండి."

"జంతువునా? సీలు వేసిన గదిలోనా?"

"గాలి ఆడుతుందండి."

"మేత?"

"సమయానికి పెడుతున్నామండి."

సరిగ్గా అప్పుడు మేస్త్రి భార్య ఫోనును తన వైపు తిప్పుకుంది. "ఏమయ్యా, జడ్జిగారి వెనక చూడు!"

జడ్జిగారి వీపు వెనక గోడకు ఒక నిచ్చెన ఆనించి ఉంది. దాని మీద ఒక నడివయసు మనిషి నోట్లో మేకులు పెట్టుకుని, గోడకు కొత్త కెమెరా బిగిస్తున్నాడు. అతని ఎడమ కాలి కింద నీలం తాడు చుట్టిన ఇనప గొట్టం. ఏడో మెట్టు.

మేస్త్రి అరిచాడు. "అదిగో! అయ్యా, మీ వెనకే! అదే నా నిచ్చెన!" గొంతు చించుకుని అరిచాడు. పక్కింటి వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. కోర్టులో మాత్రం చీమ కూడా తల తిప్పలేదు. మైకుల తాళం కోర్టు వాళ్ళ చేతిలో ఉంటుంది. కక్షిదారు మాట్లాడాల్సిన అవసరం వస్తే తెరుస్తారు. అవసరం రాలేదు.

మేస్త్రి రెండు చేతులూ ఊపాడు. జడ్జిగారు తెర వైపు చూసి కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఎవరతను, డ్యాన్సు చేస్తున్నాడు? కోర్టు మర్యాద పాటించమనండి. ముద్దాయిలకు ఈ-మెయిలు అందిందా?"

"వాళ్ళకు ఈ-మెయిలు లేదండి."

"అయితే అందనట్టే. నాలుగు వారాలు వాయిదా."

తెర నల్లబడింది. "మా సేవ ఎలా ఉంది? నక్షత్రాలు ఇవ్వండి" అని వచ్చింది.

భార్య లేచి చెప్పులు వేసుకుంది. "కూర్చున్నావేంటి? పద. పది నిమిషాలు."

గేటు దగ్గర కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు. "మనుషుల్ని వదలట్లేదు. లింకులో రండి."

"నిచ్చెన కోసం వచ్చాం" అన్నాడు మేస్త్రి, ఉన్నమాటే.

"ఓ, కెమెరాల వాళ్ళా? ముందే చెప్పొద్దూ. వెళ్ళండి వెళ్ళండి."

జడ్జిగారు భోజనానికి లేచారు. హాలు ఖాళీ. కెమెరా మనిషి ఇంకా పైనే ఉన్నాడు. మేస్త్రి భార్య నేరుగా వెళ్ళి నిచ్చెన అడుగు రెండు చేతులతో పట్టుకుంది. తిడదామనే వచ్చింది. చేతులు ముందు పోయాయి.

"పట్టుకునేవాళ్ళు లేకుండా ఎక్కేశావేంటయ్యా? ఈ నున్నటి నేల మీద జారితే నీ పెళ్ళాం పిల్లలకి ఎవరు చెప్పాలి? ఏడో దాని మీద బరువు వెయ్యకు. దిగు."

అతను బుద్ధిగా దిగాడు. నోట్లో మేకులు తీశాడు. "మీదా ఇది? మంచి నిచ్చెన అక్కా. నాలుగు నెలలుగా ఈ బిల్డింగులో కెమెరాలు, తెరలు, పెట్టెలు, అన్నీ దీంతోనే బిగించాం. ఇది లేకపోతే ఆన్‌లైన్ కోర్టు లేదనుకోండి."

సీలు గుమాస్తా టిఫిను డబ్బా చేత్తోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్, ముట్టుకోకు! అది కేసు ఆస్తి!"

"కేసు ఆస్తి సీలు వేసిన గదిలో ఉంది కదా సార్" అన్నాడు మేస్త్రి. "ఇందాకే అయ్యగారికి చెప్పారు. మేం విన్నాం. మేం వినగలం, మాట్లాడలేం, అంతే తేడా."

గుమాస్తా నీళ్ళు నమిలాడు. "అంటే... ఇది ఆఫీసు నిచ్చెన."

"అలాగా. ఆఫీసు సామాను పుస్తకంలో దీని నంబరెంత?"

గుమాస్తా డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"పోనీ సీలు తీసి చూద్దాం పదండి, జడ్జిగారి ముందే" అంది భార్య. ఫోనులో మెసేజీ అతని ముఖానికి దగ్గరగా పెట్టింది. "భద్రంగా ఉందన్నారుగా. గాలి ఆడుతోందన్నారు. మేత పెడుతున్నారన్నారు. నేను కూడా ఓసారి చూసి, నాలుగు గడ్డి పరకలు వేసి వస్తా."

"బయటి గోడ చూస్తేనే తెలుస్తోంది, మీ గది పది అడుగులు" అన్నాడు మేస్త్రి. "నా నిచ్చెన ఇరవై. అందులో ఎలా పట్టించారో చూపిస్తే నేర్చుకుంటా. మా ఇల్లు కూడా చిన్నదే."

గుమాస్తా గొంతు తగ్గించి, గోడల వైపు చూస్తూ, "మెల్లగా. ఎనిమిది కెమెరాలు చూస్తున్నాయి" అన్నాడు.

"కనెక్షను ఇంకా ఇవ్వలేదు సార్" అన్నాడు కెమెరా మనిషి.

లక్క వేళ్ళు టిఫిను డబ్బా మీద బిగుసుకున్నాయి. ఇది కేసు నిచ్చెన అంటే సీలు అబద్ధం. కాదంటే పట్టుకుపోతారు. నెల రోజులుగా ఈ ఇద్దరినీ ఇలాగే రెండు తలుపుల మధ్య నిలబెట్టిన మనిషి ఇప్పుడు తానే అక్కడ నిలబడ్డాడు. నేనైతే అతని మీద జాలి పడను. మీ ఇష్టం.

"నేను భోజనానికి వెళ్ళాను" అన్నాడు చివరికి, ఎవరికో వాంగ్మూలం ఇస్తున్నట్టు. "నేను ఇక్కడ లేను." వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ముందు మేస్త్రి, వెనక భార్య, నిచ్చెనను భుజాలకెత్తుకున్నారు. వరండాలో నల్లకోట్ల వాళ్ళు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. కాగితం పట్టుకుని వచ్చినవాణ్ణి కిటికీ దగ్గరే ఆపే కోర్టు, ఇరవై అడుగుల నిచ్చెన మోసుకుపోయేవాణ్ణి ఆపలేదు. కాపలావాడు గేటు రెండు రెక్కలూ తెరిచాడు.

"అయిపోయిందా పని?"

"అయిపోయింది" అన్నాడు మేస్త్రి.

సోమవారం పొద్దున నిచ్చెన మూడంతస్తుల గోడకు ఆనింది.

నాలుగు వారాల తర్వాత లింకు వచ్చింది. మేస్త్రి మూడో అంతస్తు దగ్గర, పైనుంచి రెండో మెట్టు మీద ఉన్నాడు. రెండో పూత సగమైంది. ఒక చేత్తో బ్రష్షు డబ్బాలో పెట్టి, ఫోను కిటికీ చట్రంలో నిలబెట్టాడు. అక్కడ సిగ్నలు బ్రహ్మాండంగా ఉంది. కోర్టుకు కనిపించేది అతని ముఖం, దాని వెనక ఆకాశం.

"నలభై రెండు. జంతువు. ఎలా ఉంది?"

"భద్రంగా ఉందండి" అన్నాడు సీలు గుమాస్తా. తెర వైపు మాత్రం చూడలేదు.

"యజమాని ఏమంటాడు? అతని మైకు తెరవండి."

గుమాస్తా చెయ్యి గాలిలో ఆగింది. తెరవక తప్పలేదు. తెరిచి, అప్పుడు చూశాడు మేస్త్రి వైపు. ఆ రోజు కిటికీ వెనక నుంచి ఒక్కసారి కూడా చూడని చూపు.

మేస్త్రి కాళ్ళ కింద మెట్టును ఒకసారి మునివేళ్ళతో నొక్కి చూసుకున్నాడు.

"తొందరేం లేదండి. సీలు తీయకండి. మీ దగ్గరే భద్రంగా ఉండనివ్వండి."

"శభాష్" అన్నారు జడ్జిగారు. "ఇంత సహకరించే కక్షిదారును ఈ మధ్య చూడలేదు. ఆన్‌లైన్ పెట్టాక జనంలో ఓపిక పెరిగింది. మేత మాత్రం ఆపకండి. ఎనిమిది వారాలు."

తెర నల్లబడింది. నక్షత్రాలు అడిగింది. మేస్త్రి వేలికున్న తెల్ల రంగుతో ఏదో నొక్కాడు. ఎన్ని ఇచ్చాడో అతనికీ తెలియదు.

కింద నుంచి భార్య అరిచింది, నిచ్చెన వదలకుండా. "ఏమన్నారయ్యా?"

"వాయిదా!"

"పడనీ. కబుర్లు ఆపి కిటికీ కింద చూడు, ఎడం పక్క జానెడు వదిలేశావు!"