హెడ్‌ఫోన్ల తూకం

ఉదయం తొమ్మిదింటికి ఫిర్యాదుల విభాగం తలుపు తీసేసరికే జోడీ కోసం నలుగురైనా చేతులెత్తి కూర్చునేవాళ్లు. ఒకరి హెడ్‌ఫోన్ కంప్యూటర్‌కి కనబడదు. ఇంకొకరిది కనబడుతుంది గానీ కలవదు. మరొకరిది కలుస్తుంది, తీరా చూస్తే శబ్దం స్పీకర్లోంచి వచ్చి గదంతా వింటూ ఉంటుంది. జోడీ అసలు పేరు గుర్తింపు కార్డు మీద ఉంది కానీ ఎవరూ చదవలేదు. హెడ్‌ఫోన్లనీ కంప్యూటర్లనీ జతచేసే పని కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది.

"మా ఆయన్నీ నన్నూ కూడా ఓసారి విడగొట్టి మళ్లీ కలుపు జోడీ. మధ్యమధ్యలో సిగ్నల్ పోతోంది," అంది గోడవార సీటావిడ.

"ముందు ఆయన ఇంకెక్కడైనా కలిసి ఉన్నాడేమో చూసుకో వదినా. వేరే దానికి తగులుకుని ఉంటే మనది దొరకదు."

గది నవ్వింది. జోడీ నవ్వకుండానే ఆవిడ హెడ్‌ఫోన్ తీసుకుని, మీట అయిదు సెకన్లు నొక్కిపట్టి, నీలం లైటు టపటపా కొట్టుకోగానే జాబితాలో దాని నంబరు ఎంచుకుంది. శబ్దం ఎటు పోవాలో కంప్యూటర్‌కి చెప్పింది. మైకు ఆపేసింది, ఎందుకంటే మైకు తెరిచి ఉంటే అవతలివాళ్ల గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. తర్వాతి బల్లకి నడిచింది.

ఆ ఊళ్లోని అద్దె భవనాలన్నింటికీ ఒకే సంస్థ యజమాని. పైపు కారినా, దీపం పోయినా, మెట్ల కమ్మీ ఊడినా జనం ఒకే నంబరుకి ఫోన్ చేసి చెప్పేవాళ్లు. ఆ మాటలు రికార్డవుతాయి. ముప్పై మంది కూర్చుని వాటిని విని టైపు చేస్తారు. టైపు చేసిన కాగితం మరమ్మతు వాళ్లకి పోతుంది, రికార్డు చెరిగిపోతుంది. దాచడానికి చోటు లేదనేవాళ్లు. పదకొండు అంతస్తుల సంస్థకి చోటు లేదట.

వినకుండా వదిలేసిన మాటలు మాత్రం హెడ్‌ఫోన్ చిప్పల్లో మిగిలిపోయేవి. నీళ్లకన్నా కాస్త చిక్కగా, దాదాపు రంగు లేకుండా, దూది కింద ఊరి ఉండేవి. సాయంత్రం ఆరింటికి సూపర్‌వైజరు మేడం బల్లల మధ్య తిరుగుతూ ప్రతి హెడ్‌ఫోన్‌నీ చిన్న త్రాసు మీద పెట్టేది. ఖాళీ హెడ్‌ఫోన్ రెండు వందల నలభై గ్రాములు. దానికన్నా పదిహేను గ్రాములు మించి తూగితే ఒక హెచ్చరిక. మూడు హెచ్చరికలకి మనిషిని ఇంటికి పంపేవాళ్లు. తూకం అయ్యాక అందరూ కుళాయి దగ్గర వరసకట్టి, చిప్పలు బోర్లించి, రెండు తట్లు తట్టి, మిగిలిన మాటల్ని తొట్టిలోకి ఒంపేసేవాళ్లు. పడేటప్పుడు ఆ మాటలు ఒక్కసారి తమంతట తామే పైకి చెప్పుకునేవి. ఆ వేళకి అందరూ ఇంటి తొందరలో ఉండేవాళ్లు.

గోడ మీద 'వినడమే సేవ' అని పెద్దక్షరాల్లో రాసి ఉండేది. కిందివాళ్లు ఎంత విన్నారో తూచడానికి త్రాసు ఉంది. పైవాళ్లు ఎంత విన్నారో తూచే త్రాసు ఇంకా కొనలేదు.

పదిహేడో నంబరు సీటు జోడీ బాబాయిది. ముప్పై ఏళ్లుగా టైపు చేస్తున్నాడు. ఆమెను ఈ పనిలో పెట్టించింది ఆయనే. రిటైరవడానికి ఏడాదిన్నర ఉంది. ఈలోపు పంపేస్తే పింఛను ఉండదు. వైర్లున్న పాత హెడ్‌ఫోన్లు తీసేసి కొత్తవి ఇచ్చిన నెలలోనే ఆయనకి రెండు హెచ్చరికలు వచ్చాయి.

"దీంట్లో ఏదో ఉందమ్మాయ్. అందరికీ వినబడుతోంది, నాకే గరగరమంటోంది," అన్నాడు మొదటి రోజు.

జోడీ జత తుడిచేసి మళ్లీ కలిపింది. మర్నాడు బ్యాటరీ మార్చింది. ఆ తర్వాత హెడ్‌ఫోన్‌ని నడిపే డ్రైవరు ప్రోగ్రాం తీసేసి కొత్తది ఎక్కించింది. పక్క బల్ల హెడ్‌ఫోన్ అడ్డం పడుతోందేమోనని సీటు జరిపించింది. కంప్యూటర్ పెట్టె వెనక దూర్చి ఉన్న బ్లూటూత్ ముక్కని ముందుకి తెచ్చింది. చివరికి హెడ్‌ఫోన్ కొత్తది ఇప్పించింది. మూడు వారాలు గడిచాయి. ఎంత బాగుచేసినా సాయంత్రానికి అది తడిసిన చెప్పులా బరువెక్కి ఉండేది.

మూడో హెచ్చరిక రాకుండా ఆమె ఒక దారి పట్టింది. అయిదున్నరకి బాబాయ్ బల్ల దగ్గరికి వచ్చి, "చూస్తా ఇలా ఇవ్వు," అని హెడ్‌ఫోన్ పట్టుకెళ్లేది. కుళాయి తొట్టిలో ఒంపేసి, తుడిచి, తెచ్చి ఇచ్చేది. ఆరింటికి త్రాసు రెండు వందల నలభై చూపించేది. మేడం తలూపి ముందుకి వెళ్లేది. ఆ ఒంపిన మాటలు ఎవరివో జోడీ పట్టించుకోలేదు. బాబాయ్ బతుకు నిలబడితే చాలనుకుంది. సాటి మనిషి కష్టం గురించి ఆమెకి చాలా మంచి అభిప్రాయాలు ఉండేవి. కుళాయి దగ్గర అవి పనికి రాలేదు.

ఒక గురువారం ఆమె చిప్ప బోర్లించి తట్టగానే తొట్టిలోంచి ఒక ఆడగొంతు వచ్చింది. అరుపేమీ కాదు, సరుకుల జాబితా చదివినట్టు చెప్పింది. "నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుంటోందండీ, లోపల లిఫ్టు ఉండటం లేదు. పిల్లలు అక్కడే ఆడుకుంటారు. నేను కుర్చీ అడ్డం పెట్టాను. ఇది..."

తట్టడం ఆపలేదు కాబట్టి తర్వాతి మాటలు మిగతావాటితో కలిసిపోయి పడ్డాయి. ఏ భవనమో తెలియలేదు. జోడీ అరచేత్తో తొట్టి కన్నం మూసింది. అడుగున నాలుగు చెంచాలంత మిగిలింది. ఒకసారి చెప్పేసిన మాటలు మళ్లీ చెప్పవు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆమె గుడ్డ ముక్క కన్నంలో కుక్కి, పరుగున వెళ్లి బాబాయ్ భుజం పట్టుకుంది.

"లిఫ్టు గురించి చెప్పినావిడ రికార్డు ఎక్కడ?"

ఆయన ఆమె పెదవుల వంక చూశాడు. ఆమె మళ్లీ అడిగింది. ఆయన తెర వైపు తిరిగి వేలు పెట్టి చూపించాడు. మధ్యాహ్నం మూసేసిన కాగితం. అందులో 'లిఫ్టు శుభ్రంగా లేదు' అని ఉంది. చిరునామా దగ్గర 'వినబడలేదు' అని ఉంది. రికార్డు చెరిగిపోయింది.

ఆమె ఆయన్ని చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి లాక్కొచ్చింది. అక్కడ ఇంకెవరూ లేరు. ఆమె అడగకముందే ఆయన చెప్పేశాడు.

"ఎడమది పోయి ఏడాదైంది. కుడిది ఈ మధ్యే వదిలేసింది."

"మరి మూడు వారాలుగా నా చేత డ్రైవర్లు మార్పించావెందుకు బాబాయ్?"

అది ఆమె వేళ్లతో కూడా చెప్పాల్సి వచ్చింది.

"నువ్వు బాగుచేస్తావేమోనని."

"హెడ్‌ఫోన్‌నా? చెవినా?"

"ఏదో ఒకటి."

ఆమెకి తిట్టాలనిపించింది. వినబడని మనిషిని తిట్టి ఏం లాభం. తొట్టి వైపు చూపించి, చూపుడువేలు గాల్లో పైకీ కిందికీ ఆడించి లిఫ్టని చెప్పింది. నాలుగు వేళ్లు చూపించింది. చిన్నపిల్లల ఎత్తుకి చెయ్యి పెట్టింది. బాబాయ్‌కి అర్థమైంది. మేడంకి చెబితే ఊరంతా ఉన్న లిఫ్టులు చూడమని మనుషుల్ని పంపించవచ్చు. చెబితే ఆయన ఉద్యోగం ఈ సాయంత్రమే పోతుంది. ఆయన పెద్దగా ఆలోచించలేదు.

"వెళ్లి చెప్పు. పోతే పోయింది," అని, వెళ్లేముందు ముఖం కడుక్కోవడానికి అలవాటుగా తొట్టిలో చెయ్యి పెట్టాడు.

పెట్టిన చెయ్యి తియ్యలేదు. వేళ్లు అడుగున ఉన్న తడిలో మెల్లగా కదిలాయి, టైపు చేస్తున్నట్టు. ముప్పై ఏళ్లు మాటలన్నీ ఆ వేళ్ల మీదుగానే పోయాయి.

"పన్నెండో నంబరు భవనం," అన్నాడు. "రెండో ద్వారం. ఆవిడ పేరు కూడా ఉంది, ఆగు." ఇంకాసేపు తడిమాడు. "లేదు, పేరు కన్నంలోంచి పోయినట్టుంది."

జోడీ బల్ల దగ్గరికి పరుగెత్తి కొత్త కాగితం తెరిచి ఆయన్ని కూర్చోబెట్టింది. ఆరింటికి ఇంకా పావుగంట ఉండగా కాగితం మరమ్మతు వాళ్లకి పోయింది. ఆరుంబావుకి వాళ్లు ఫోన్ చేసి, తలుపుకి తాళం వేశామనీ, అడ్డం పెట్టిన కుర్చీ ఎవరిదో కనుక్కుని ఇచ్చేశామనీ చెప్పారు.

మర్నాడు బాబాయ్ ఇంట్లోంచి వెడల్పాటి స్టీలు గిన్నె తెచ్చుకున్నాడు. హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకోలేదు. జోడీ దాన్ని కంప్యూటర్‌కి కలిపి, శబ్దం పూర్తిగా పెంచి, గిన్నె అంచుల మీద బోర్లించింది. రికార్డు నడుస్తుంటే చిప్పల్లోంచి మాటలు బొట్లుబొట్లుగా గిన్నెలోకి దిగాయి. బాబాయ్ ఎడమ చెయ్యి గిన్నెలో ఉంచి కుడిచేత్తో టైపు చేశాడు. పదకొండింటికి గోడవార సీటావిడ వచ్చి వంగి చూసింది.

"చెయ్యి నానిపోదా అన్నయ్యగారూ?"

ఆయనకి వినబడలేదు. జోడీ బదులు చెప్పింది. "గంటకోసారి తుడుచుకుంటాడు వదినా."

"మా ఆయన మాటలు కూడా ఇలా ఏ గిన్నెలోకైనా వంపితే బాగుండు. అప్పుడప్పుడు వేలు ముంచి చూసేదాన్ని," అని ఆవిడ తన సీటుకి వెళ్లిపోయింది.

సాయంత్రం మేడం త్రాసుతో వచ్చింది. గిన్నెని చూసింది. హెడ్‌ఫోన్ తూచింది. రెండు వందల నలభై. ఇంకోసారి తూచింది. అంతే ఉంది. ఆయన టైపు చేసిన కాగితాలు తెర మీద కిందికి జరుపుతూ పోయి, ఇంకా మరమ్మతు వాళ్లకి పోని చివరిదాని దగ్గర ఆగింది.

"ఇది మీరు తప్పు రాశారు. నేను ఈ ఫోన్ పొద్దున స్వయంగా విన్నాను. వంటగదిలో గ్యాసు వాసన కొంచెంగా వస్తోంది, తొందరేం లేదు, వీలున్నప్పుడు రండి అందావిడ. నవ్వుతూ చెప్పింది కూడా. మీరేమో వెంటనే అని పెట్టారు."

జోడీ ఆ మాటలన్నీ కాగితం ముక్క మీద రాసి ఆయన ముందు పెట్టింది. ఆయన చదివి, గిన్నెలో మిగిలిన తడి చూపించాడు.

"ముట్టుకోండి మేడం."

ఆవిడ త్రాసు కింద పెట్టి, ఉంగరం తీసి జేబులో వేసుకుని, రెండు వేళ్లు గిన్నెలో ముంచింది. చటుక్కున వెనక్కి లాక్కుంది. వేళ్ల కొసలు కాలినట్టు ఎర్రబడ్డాయి. కాసేపు వాటిని ఊదుకుంటూ నిలబడింది. తర్వాత ఎడమచేత్తో ఫోన్ అందుకుని, మరమ్మతు వాళ్లని ఇప్పుడే బయల్దేరమని చెప్పింది.