ఎర్రోడికి లేని సుడి

నాకు కుళ్ళు ఎక్కువని మా ఆవిడ కృష్ణమ్మాళ్ అంటుంది. నేనేమీ కాదనను. పక్కవాడి ఎద్దు బాగుంటే కడుపు మండనివాడు సేద్యగాడే కాడు. కానీ నేను కుళ్ళుకుంది ఎద్దును చూసి కాదు, మనిషిని చూసి. ఆ సంగతే చెబుతాను, వినండి.

మాది కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న నల్లరేగడి ఊరు. జత ఎద్దులు కొనే తాహతు లేనివాళ్ళం మా ఊళ్ళో సగం మందిమి. అట్లాంటి ఒంటెద్దువాడు ఇంకో ఒంటెద్దువాడితో పొత్తు కడతాడు. రెండు ఎద్దులూ ఒకే కాడి కింద నడుస్తాయి. ఒకరోజు నీ చేను, ఒకరోజు నా చేను. ఉగాది దాటాక వచ్చే చిత్తిరై నెలలో తొలి దుక్కి నాడు కట్టిన పొత్తు మళ్ళీ చిత్తిరై దాకా నడుస్తుంది. ఏడాది నిండాక, తొలి దుక్కికి ముందు రోజు, ఇద్దరూ కాడిని మధ్యలో పెట్టుకుని ఎదురెదురుగా కూర్చుంటారు. ఆ ఏడాదంతా ఒకడు ఇంకొకడికి చేసిన ఆగడాలు ఒక్కొక్కటే చెప్పుకోవాలి. చెప్పేవాడూ నవ్వాలి, వినేవాడూ నవ్వాలి. నవ్వుతూ అన్నీ తేలిపోతే పొత్తు ఇంకో ఏడాదికి ముడిపడినట్టు. ఎవడికైనా కోపం వచ్చిందో, వాడు తన ఎద్దును విప్పుకుని పోవాలి.

కిందటేడు నేను పొత్తు కట్టింది దామోదరసామితో. ఇద్దరిదీ ఒకే ఈడు, వరసకు బావ. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నాం. వాడి ఎద్దు ఎర్రోడు, నాది తెల్లోడు. తెల్లోడు పనిలో ఎవరికీ తీసిపోడు గానీ వాడికొక లోపం ఉంది. కుడి భుజం వెనక చెడ్డ సుడి. ఆ సుడి ఉన్న ఎద్దు ఇంటి పెద్దను మింగుతుందనీ, దానికి జోడు కట్టినవాడినీ వదలదనీ మావాళ్ళ నమ్మకం. సాత్తూరు సంతలో బేరం కుదిరిన సంబరంలో సరిగా చూసుకోకుండా కొనేశాను. ఇంటికొచ్చి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. భుజం వాచిందని ఊళ్ళో చెప్పి అక్కడ వాత పెట్టించాను. వాత మానింది గానీ వెంట్రుకలు మళ్ళీ సుడి తిరిగే మొలిచాయి. ఇక ఆముదంలో మసి కలిపి రాయడం మొదలుపెట్టాను. ఎవరైనా అడిగితే ఈగలు వాలకుండా అనేవాణ్ణి. ఈ సంగతి కృష్ణమ్మాళ్‌కి తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

సరే, ఈ ఏడు నేనూ దామోదరసామీ మా పంచలో కూర్చున్నాం. కాడి మధ్యలో ఉంది. కృష్ణమ్మాళ్ చెంబుతో మజ్జిగ పెట్టి గడప దగ్గర నిలబడింది.

ముందు వాడే మొదలుపెట్టాడు. తొలి దుక్కి నాడు నా తెల్లోడు కొట్టం వైపు లాగడంతో నాగటి చాలు పాములా వంకర్లు పోయిందట. అది చూసి ఊళ్ళో పెద్దవాళ్ళు, ఇద్దరు పెళ్ళాల మొగుడు నడిచిన దారిలా ఉందన్నారట. అన్నారు, నిజమే. ఆ తర్వాత ఆడి నెల వాన సంగతి తీశాడు. వాన పడిన రోజు వంతు నాది. పదును ఆరిపోతుందని ఆ రోజూ దున్ని, మర్నాడు మధ్యాహ్నం దాకా వాడి వంతులో కూడా నా చేనే దున్నాను. వాడు గట్టు మీద కూర్చుని, బావా ఇక విప్పు, బావా ఇక విప్పు అంటుంటే నాకు గాలికి వినపడలేదని చెప్పాను. ఆ రోజు ఆకు కదిలే గాలి కూడా లేదట. కడుపు పట్టుకుని నవ్వాం.

నా వంతు వచ్చింది. ఐప్పసి నెలలో విత్తేటప్పుడు కృష్ణమ్మాళ్ ఇద్దరికీ పంపిన కంబు ముద్దలు, అదే సజ్జముద్దలు, రెండూ వాడే తినేసి, కుక్క ఎత్తుకుపోయిందన్నాడు. ఆ కుక్క చచ్చి అప్పటికి నెలయింది. ఆ మాట చెబితే గడపలో కృష్ణమ్మాళ్ కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత విరుదునగర్ ప్రయాణం. పేరు మార్చి ఏడెనిమిదేళ్ళయినా మా నోటికి అది విరుదుపట్టే. మాసి నెలలో పత్తి బండి కట్టుకుని ఇద్దరం బయలుదేరాం. సాత్తూరు దాటాక ఎండకు ఇద్దరికీ కునుకు పట్టింది. బండి నేను తోలుతున్నానని వాడూ, వాడు తోలుతున్నాడని నేనూ అనుకున్నాం. ఎద్దులు వాటంతట అవే వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టాయి. మెలకువ వచ్చి దారిన పోయే ముసలాయనను విరుదుపట్టి ఇంకెంత దూరమని అడిగితే, మీ వీపును అడగండి అన్నాడు. అది గుర్తొచ్చి వాడు నవ్వుతూ కాడి మీద చెయ్యి కొట్టాడు. నేనూ నవ్వాను. కానీ విరుదుపట్టి పేరు ఎత్తగానే నా లోపల ఏదో చురుక్కుమంది.

ఎందుకంటే తిరుపతిసామి మాకు తగిలింది అక్కడే. మావాడే. మా పక్క ఊళ్ళో మామగారి చేను కలిసొస్తే సేద్యానికని వస్తూ పోతూ ఉన్నాడు. పత్తి పేటలో మా బండి దగ్గర ఆగి ఎర్రోడి మూపురం నిమిరి, తన ఎద్దుకు జోడు చచ్చిపోయిందనీ, దాని పక్కన ఈ ఎర్రోడు నిలబడితే చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూడ్డానికి వస్తాయనీ అన్నాడు. నా తెల్లోడు పక్కనే నిలబడి ఉన్నాడు. వాడి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నన్నయితే బండిలో పత్తి మూటతో సమానంగా చూశాడు.

అప్పటినుంచి దామోదరసామి నోట ఏ మాట వచ్చినా అందులో తిరుపతిసామి ఉండేవాడు. తిరుపతిసామి చొక్కా ఇట్లా ఉంది, తిరుపతిసామి ఎరువు అట్లా వేస్తాడట. సోమవారం కోవిల్‌పట్టి సంతకు ఇద్దరూ కలిసి పోయేవాళ్ళు, కాపీ హోటల్లో కూర్చునేవాళ్ళు. నాతో పోయిన ఏ సంతలోనూ వాడు నాకు చెరుకుముక్క కొనిపెట్టిన పాపాన పోలేదు. వాడు తెచ్చిన కాపీ కబుర్లు వింటుంటే నాకు ఒళ్ళంతా కారం రాసినట్టుండేది. ఇంటికొచ్చి కృష్ణమ్మాళ్ మీద అరిచేవాణ్ణి. ఆయన కాపీ తాగితే నీకెందుకు మంట అనేది. మంటే మరి. వచ్చే చిత్తిరైకి వాడు నన్ను వదిలేసి తిరుపతిసామితో పొత్తు కడతాడని నాకు ఖాయమైపోయింది. ఎద్దు పోతే ఇంకో ఎద్దు. వాడు పోతే నేను ఎవరితో నవ్వాలి?

అందుకని చిత్తిరైకి ముందు నెల పంగునిలో ఒక సంతరోజు తిరుపతిసామి ఒంటరిగా దొరికితే చెవిలో ఒక మాట వేశాను. ఎర్రోడికి చెడ్డ సుడి ఉందనీ, వాత పెట్టి మాపారనీ, నా పేరు బయటికి రాకూడదనీ. ఎర్రోడికి భుజం మీద ఎప్పుడో వాపుకు పెట్టిన వాత నిజంగానే ఉంది. అబద్ధానికి అంతకంటే ఏం కావాలి? నా కొట్టంలో ఉన్న దరిద్రమే నా నోటికి వచ్చింది. మర్నాటినుంచి తిరుపతిసామి మా ఊరి వైపు రావడం మానేశాడు. ఆ వారమంతా నాకు అన్నం రుచిగా ఉంది.

ఇదంతా లోపల పెట్టుకుని నేను వాడి ఎదురుగా నవ్వుతూ కూర్చున్నాను. ఆగడాలన్నీ అయిపోయాయి, పొత్తు ముడిపడింది అనుకుని మజ్జిగ చెంబు అందుకోబోయాను. దామోదరసామి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంకొకటి ఉండాది బావా. ఆఖరిది" అన్నాడు. "మా ఎర్రోడికి చెడ్డ సుడి ఉండాదని, వాత పెట్టి మాపినానని, ఎవరో తిరుపతిసామికి చెప్పిరంట."

మొహం మీద నవ్వు అట్లాగే ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను వెంటనే ఎవడా వెధవ అని లేచాను. వాడు నన్ను పంచె పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఎవరని అడగలే. తెల్లెద్దుకి మసి రాసే చెయ్యి ఎవరిదో నాకి తెలుసును."

గడపలో నిలబడ్డ కృష్ణమ్మాళ్ లోపలికి వెళ్ళిపోయింది.

ఎప్పటినుంచి తెలుసు అని మాత్రం అడిగాను. తొలి దుక్కి నాడు కాడి ఎత్తేటప్పుడే చెయ్యి తగిలి చూశాడట. మసి వాడి అరచేతికి అంటుకుందట. ఇంటికి పోయి చెయ్యి కడుక్కుంటుంటే వాళ్ళావిడ పొన్నమ్మాళ్ అడిగి, విషయం తెలిసి రెండు రోజులు పొయ్యి వెలిగించలేదట. పొత్తు విడగొట్టుకో, నా తాళి గతి ఏమిటి అని ఏడ్చిందట.

"నీ తాళికి నేను పూచీ అంటిని. మా బావ ఎద్దు నన్ను మింగదులే అంటిని. ఏడాదంతా దాని పక్కనే నడిస్తిని గదా."

మరి నాకెందుకు చెప్పలేదు అన్నాను. చెబితే నువ్వు సిగ్గుపడి పొత్తు వదిలేస్తావని, అన్నాడు. అప్పుడు కూడా కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

తిరుపతిసామి సంగతి కూడా వాడే చెప్పాడు. ఆయన రెండుసార్లు అడిగాడట. రెండుసార్లూ వీడు, మా బావ నా కోసం కాచుకుని ఉంటాడు, కుదరదు అని చెప్పి కాపీ తాగి వచ్చాడట. అంతే. నేను ఇన్నాళ్ళూ దేనికి కాలిపోయానో దానికి అంత మాత్రమే ఆధారం.

సుడి మాట ఇప్పుడు సంతంతా పాకింది. కిందటి సోమవారం వాడు ఎర్రోణ్ణి కోవిల్‌పట్టికి తోలుకుపోయి చూశాడట. వచ్చినవాడల్లా వాత మచ్చ తడిమి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడట. వాడితో జోడు కట్టేవాళ్ళూ లేరు, ఎర్రోణ్ణి కొనేవాళ్ళూ లేరు. నేను సంతలో పదిమంది ముందు నిలబడి, సుడి ఉన్నది నా తెల్లోడికి, ఎర్రోడికి కాదు అంటే చాలు, వాడి ఎద్దు మచ్చ పోతుంది. ఆ ఒక్క మాట కోసమే వాడు నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడని నాకు అర్థమైంది.

ఆ మాట అంటే తెల్లోడు నాకు గుదిబండ అవుతాడు. మళ్ళీ ఎద్దు కొనే దారి నాకు లేదు. చెబుతాను అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. మజ్జిగ చల్లారిపోతోంది తాగు బావా, అన్నాను. చల్లారేదానికి మజ్జిగ ఏమైనా కషాయమా! నా నోటికి అంతకంటే రాలేదు.

వాడు చెంబు ఎత్తి తాగాడు. మూతి తుడుచుకున్నాడు. తర్వాత నవ్వాడు, బాగా, పళ్ళన్నీ కనపడేటట్టు.

"నవ్వినా చూడు. పొత్తు ముడిపడింది" అన్నాడు. "కోపపడితే ఎద్దును విప్పుకోని పోవాల గదా. విప్పుకోని ఎక్కడికి పోయేది? మొన్నటిదాకా అయితే ఇష్టపడి వస్తుంటిని. ఇప్పుడు వేరే దారి లేక వస్తా."

మర్నాడు తెల్లవారేసరికి ఎర్రోణ్ణి తోలుకుని చెప్పిన వేళకే వచ్చాడు. నేను కోరుకున్నదే జరిగింది, వాడు ఇంకెవరి దగ్గరికీ పోలేదు. కాడి ఎత్తాం, తొలి చాలు దున్నాం, తెల్లోడు ఈసారి తిన్నగా నడిచాడు. పొద్దు గుంకేదాకా కలిసి పనిచేశాం. ఆ రోజంతా వాడు తిరుపతిసామి పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. నన్ను బావా అని కూడా ఒక్కసారి పిలవలేదు.